న్యాయమూర్తికి చేరిన లేఖ: వెట్టిచాకిరీపై స్వామి అగ్నివేశ్ పోరాటం

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆధునిక పరిశ్రమకు ప్రతీకగా నిలిచిన ఆ కొలిమి వెలిగి ఇరవై ఏళ్లు దాటినా, అప్పటి మధ్యప్రదేశ్‌లో భాగమైన ఛత్తీస్‌గఢ్ ప్రాంతం నుంచి వలస వెళ్లిన కూలీలు ఢిల్లీ సమీపంలోని రాతి క్వారీలలో వెట్టిచాకిరీ చేస్తూనే ఉన్నారు. అక్కడి కార్మికుల దుస్థితిని సుప్రీంకోర్టు ముందుంచినది ఒక లేఖ. దానిని పంపిన సంస్థ బంధువా ముక్తి మోర్చా. ఆ సంస్థను 1981లో స్థాపించినవారు స్వామి అగ్నివేశ్.

ఆయన అసలు పేరు వేపా శ్యామరావు. 1939 సెప్టెంబర్ 21న శ్రీకాకుళంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని శక్తి సంస్థానంలో దివానుగా ఉన్న మాతామహుని వద్ద పెరిగారు. కలకత్తాలో అధ్యాపకునిగా, న్యాయవాదిగా పనిచేసి, 1970లో ఆర్యసమాజ సన్యాసం స్వీకరించారు. హర్యానాలో శాసనసభ్యునిగా, విద్యామంత్రిగా కూడా వ్యవహరించారు.

దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. అయినా ఫరీదాబాద్ జిల్లా క్వారీలలో మోర్చా సర్వే జరిపినప్పుడు, పలు రాష్ట్రాల కార్మికులు దుర్భర పరిస్థితులలో, నిర్బంధంలో పనిచేస్తున్నట్లు వెల్లడైంది. ఈ వివరాలతో 1982 ఫిబ్రవరి 25న జస్టిస్ పి.ఎన్. భగవతికి లేఖ వెళ్లింది. న్యాయస్థానం దానినే రిట్ పిటిషన్‌గా స్వీకరించి, నిజానిజాల పరిశీలనకు ఇద్దరు న్యాయవాదులను క్వారీలకు పంపింది.

ఇటువంటి లేఖ ఆధారంగా విచారణ చెల్లదని హర్యానా ప్రభుత్వం వాదించింది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి, 1983 డిసెంబర్ 16న తీర్పు వెలువరించింది. కూలీ చేత బలవంతంగా పని చేయిస్తున్నట్లు తేలితే, అతడు బయానా లేదా అప్పు కారణంగానే వెట్టిలో ఉన్నాడని భావించాలనీ, కాదని నిరూపించే బాధ్యత యజమానిపైనా, ప్రభుత్వంపైనా ఉంటుందనీ స్పష్టం చేసింది. రాతపత్రాలు లేని నిరక్షరాస్య కూలీకి ఇది గొప్ప రక్షణ. కార్మికుల గుర్తింపు, విడుదల, తాగునీరు, వైద్యం తదితర అంశాలపై 21 ఆదేశాలు కూడా జారీ అయ్యాయి.

అయితే విడుదలతోనే విముక్తి పూర్తి కాదని మరో లేఖ చాటింది. సుప్రీంకోర్టు ఉత్తర్వులతో ఫరీదాబాద్ క్వారీల నుంచి విడుదలైన సుమారు 135 మందిని బిలాస్‌పూర్ జిల్లాలోని స్వగ్రామాలకు చేర్చారు. వారికి వాగ్దానం చేసిన పునరావాసం నెలలు గడిచినా అందలేదని పాత్రికేయురాలు నీరజా చౌదరి 1982లో న్యాయస్థానానికి రాశారు. ఆ లేఖ కూడా పిటిషన్‌గా మారింది. విడుదలైనవారికి తగిన పునరావాసం కల్పించడం రాజ్యాంగంలోని 21, 23 అధికరణల ప్రకారం తప్పనిసరి అని 1984లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. జీవనాధారం లేని కూలీ మళ్లీ అప్పు చేయక తప్పదు. అప్పు మళ్లీ వెట్టికే దారితీస్తుంది.

అగ్నివేశ్ 2004లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకున్నారు. 2020 సెప్టెంబర్ 11న ఢిల్లీలో కన్నుమూశారు. వకీలును పెట్టుకునే స్తోమత లేని కూలీ మొర కూడా ఒక లేఖ ద్వారా సర్వోన్నత న్యాయస్థానానికి చేరగలదని ఆ రెండు కేసులు నిరూపించాయి. తీర్పును కూలీ గుడిసె దాకా చేర్చే బాధ్యత మాత్రం నేటికీ ప్రభుత్వ యంత్రాంగానిదే.