ఊళ్లో నాన్నకు బాగోలేదు, మీరేమో సిటీలో ఉన్నారు: 108కి ఫోన్ చేస్తే అవతల ఏం జరుగుతుంది?

రాత్రి 11 గంటలు. ఊరి నుంచి అమ్మ ఫోన్. నాన్నకు ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. మీరు ఉన్నది కూకట్‌పల్లిలోనో, బెంగళూరు మారతహళ్లిలోనో. ఆ కంగారులో మీరు వెంటనే మీ ఫోన్ నుంచి 108 నొక్కుతారు. చాలామంది చేసే పొరపాటు ఇదే.

108 నంబరు చాలా రాష్ట్రాల్లో ఒకటే కానీ కంట్రోల్ రూమ్ ఒకటి కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడిగా కాల్ సెంటర్ నడుపుతుంది. మీ ఫోన్ ఆ క్షణంలో ఏ రాష్ట్రంలోని టవర్ కింద ఉందో, కాల్ మామూలుగా ఆ రాష్ట్రం కేంద్రానికే వెళుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న నాన్న కోసం మీరు మారతహళ్లి నుంచి చేస్తే ఎత్తేది కర్ణాటక 108 వాళ్లు. వాళ్ల స్క్రీన్ మీద మీ ఊరు ఉండదు, మీ ఊరి అంబులెన్సూ ఉండదు. అమెరికా నుంచో, దుబాయ్ నుంచో అయితే అసలు కలవదు.

కాబట్టి మొదటి మాట: ఊళ్లో ఉన్న ఫోన్ నుంచే 108 చేయించండి. అమ్మకు చేతులాడకపోతే పక్కింటివాళ్లకు ఫోన్ కొట్టి వాళ్ల చేత చేయించండి. కాల్ ఉచితం, బ్యాలెన్స్ లేకపోయినా వెళుతుంది.

ఇక ఆ కాల్ ఎత్తే మనిషి సంగతి.

ఫోన్ ఎత్తేది డాక్టర్ కాదు

మన దగ్గర 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో. ఈఎంఆర్ఐ అనే సంస్థ మొదలుపెట్టింది, తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది, ఆపైన ఇతర రాష్ట్రాలూ అదే పద్ధతిని తీసుకున్నాయి. రాష్ట్రం విడిపోయాక ఎవరి కేంద్రం వారిది. ఆంధ్రప్రదేశ్‌లో నిర్వహించే సంస్థలు కూడా మారుతూ వచ్చాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది కాంట్రాక్టు తీసుకున్న సంస్థ.

హెడ్‌సెట్ పెట్టుకుని మీ కాల్ ఎత్తే వారిని ఎమర్జెన్సీ రెస్పాన్స్ ఆఫీసర్ అంటారు, పొట్టిగా ఈఆర్‌ఓ. ఎక్కువగా డిగ్రీ చదివి, శిక్షణ తీసుకున్న యువతీయువకులు. మూడు షిఫ్టులు, పండగలు లేవు. అదే హాల్లో వాళ్లకు అందుబాటులో ఒక డాక్టర్ కూర్చుంటారు. అంబులెన్స్‌లో ఉండే టెక్నీషియన్, అంటే ఈఎంటీ, దారిలో సలహా అడిగేది ఆ డాక్టర్‌నే. డ్రైవర్‌ను ఈ వ్యవస్థలో పైలట్ అంటారు. ఆ పేరు వినగానే నవ్వొచ్చేమో కానీ వాన పడ్డ రాత్రి మట్టి రోడ్డు మీద ఆ బండి నడపడం చూస్తే నవ్వు ఆగిపోతుంది.

ఈఆర్‌ఓ పని చెప్పడానికి సులువు: ఎక్కడ, ఏమైంది, ఎవరికి, ఏ నంబరుకు తిరిగి చేయాలి. ఈ నాలుగూ రాబట్టాలి, దగ్గర్లో ఖాళీగా ఉన్న బండిని పంపాలి. అంబులెన్స్‌లకు జీపీఎస్ ఉంటుంది కాబట్టి బండి ఎక్కడుందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవడమే కష్టం.

‘ఎక్కడ’ అన్న ఒక్క ప్రశ్న

సిటీలో మీకు లొకేషన్ అంటే మ్యాప్‌లో నీలం చుక్క. పల్లెలో ఒక్కో టవర్ కొన్ని కిలోమీటర్ల మేర పనిచేస్తుంది. టవర్‌ను బట్టి ప్రాంతం తెలుస్తుంది కానీ ఆ ప్రాంతంలో నాలుగు ఊళ్లు, రెండు తండాలు ఉండొచ్చు. అందుకే ఇప్పటికీ నోటితో అడిగే తెలుసుకోవాలి. సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది:

“ఏ ఊరండీ?”

“రామాపురం.”

“ఏ మండలం?”

“అదే సార్, మా రామాపురం... జల్దీ పంపుండ్రి!”

రామాపురాలు, కొత్తపల్లులు, లింగాపూర్‌లు ఒక్కో జిల్లాలోనే రెండు మూడు ఉంటాయి. మండలం పేరు లేకపోతే బండి వేరే రామాపురానికి పోతుంది. దానికి తోడు జిల్లాలు మారాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు 26 అయ్యాయి. జగిత్యాల దగ్గరి పెద్దాయన ఇంకా ‘కరీంనగర్ జిల్లా’ అనే చెబుతాడు. ఆయన తప్పేం లేదు, ఆయన పుట్టింది ఆ జిల్లాలోనే. ఆ పాత పేరును కొత్త జాబితాలోకి మనసులోనే మార్చుకోవాల్సింది ఈఆర్‌ఓ.

అందుకే వాళ్లు గుర్తులు అడుగుతారు. వాటర్ ట్యాంకు, బడి, రామాలయం, సబ్‌స్టేషన్, అంగన్‌వాడీ. పొలం దగ్గర మోటారు స్టార్టర్‌కు షాక్ కొట్టిన మనిషి కోసం చేసే కాల్ అయితే మరీ కష్టం. ఎవరి చేను, ఏ డొంక దారి, బండి ఎంతవరకు వస్తుంది? ఇలాంటప్పుడు అనుభవం ఉన్న ఈఆర్‌ఓ అడిగే మాట ఒకటుంది: “రోడ్డు మీదకు ఒక మనిషిని పంపండి. చేతిలో టార్చిలైటు పట్టుకుని నిలబడమనండి.” మ్యాప్ కంటే ఇది బాగా పనిచేస్తుంది.

ఏజెన్సీలో ఇంకో చిక్కు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేసేవాళ్లుంటారు. అంటే మాట్లాడుతున్న మనిషి పేషెంట్ పక్కన లేడు. “ఊపిరి తీసుకుంటున్నారా, చూసి చెప్పండి” అంటే చూసి చెప్పలేడు. గుట్ట దిగాక తిరిగి చేస్తే ఫోన్ కలవదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొన్ని కొండ ఊళ్లకు అసలు బండి వెళ్లే రోడ్డే లేదు. పేషెంట్‌ను డోలీలో మోసుకుని కిందికి తెస్తారు. అప్పుడు ఈఆర్‌ఓ చేయగలిగింది డోలీ, అంబులెన్స్ ఏ చోట కలవాలో ఇద్దరికీ ఒకేలా చెప్పడం.

మాట వెనక మాట

‘ఏమైంది’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు కూడా తేలిక కాదు. “పానం బాలేదు” అంటే గుండెపోటు కావచ్చు, జ్వరమూ కావచ్చు. “నొప్పులు వస్తున్నయి” అని ఆడమనిషి గురించి చెబితే అడగకుండానే కాన్పు అని తెలుసుకోవాలి. తర్వాత ఎన్నో కాన్పు, ఉమ్మనీరు పోయిందా అని అడగాలి. “మందు తాగిండు” అంటే సిటీలో పుట్టి పెరిగిన వాళ్లకు ఒకటే తోస్తుంది. పల్లె నుంచి వచ్చిన కాల్‌లో అది పురుగుల మందు కావచ్చు. ఒక్క ప్రశ్న వేయకపోతే ప్రాణం పోతుంది.

అన్నిటికన్నా చిత్రమైనది పాము. రాత్రిపూట పాము పేరెత్తకూడదని చాలా ఊళ్లలో పట్టింపు. “పురుగు ముట్టింది” అంటారు. ఆ మాట తెలియని ఈఆర్‌ఓ దాన్ని ఏ తేలో, జెర్రో అనుకుంటే? ఆ కాల్ ప్రాధాన్యమే మారిపోతుంది. ఈ ఉద్యోగంలో కంప్యూటర్ పరిజ్ఞానంతో పాటు యాస కూడా అర్హతే అంటే అతిశయోక్తి కాదు. ఉత్తరాంధ్ర మాట, రాయలసీమ మాట, ఆదిలాబాద్ మాట ఒకే షిఫ్టులో వినాలి. గోండు, కోయ మాట్లాడే ఇంటి నుంచి కాల్ వస్తే మధ్యలో తెలుగు వచ్చిన ఎవరో ఒకరు దొరకాలి.

ఫోన్ చేసిన మనిషి అరుస్తాడు, ఏడుస్తాడు, తిడతాడు. “ఇన్ని ప్రశ్నలెందుకు, ముందు బండి పంపు!” అనేది వాళ్లు రోజూ వినే మాట. నిజానికి ఊరు, మండలం తేలగానే బండికి కబురు పోతుంది. మిగతా ప్రశ్నలు బండి కదిలాక కూడా సాగుతాయి. బండి వచ్చేలోగా మీతో ఏం చేయించాలో నిర్ణయించడానికి అవి. కాబట్టి కట్ చేయకండి.

బండి వచ్చేలోగా

మనిషి స్పృహలో లేడు, ఊపిరి లేదు లేదా ఆగి ఆగి ఎగశ్వాస వస్తోంది అంటే, ఫోన్‌లోనే సీపీఆర్ చెప్పించుకోవచ్చు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కింద పెట్టండి. పేషెంట్‌ను మంచం మీంచి గట్టి నేల మీదకు దించండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. పక్కటెముక విరుగుతుందేమో అన్న భయం సహజమే, అయినా ఆపొద్దు.

పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, కరిచిన టైము గుర్తు పెట్టుకోండి. పామును పట్టి తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటికీ మన ఆసుపత్రుల్లో వాడే విరుగుడు మందు ఒకటే. పురుగుల మందు తాగితే ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించొద్దు. ఆ డబ్బా మాత్రం అంబులెన్స్‌లో వెంట పంపండి. డాక్టర్‌కు దాని మీది పేరే ముఖ్యం.

ఒక బండి, రెండు కాల్స్

జాతీయ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం లక్ష జనాభాకు ఒక మామూలు అంబులెన్స్, 5 లక్షలకు ఒక అధునాతన అంబులెన్స్ ఉండాలి. సిటీలో లక్ష మంది రెండు మూడు కాలనీల్లో సర్దుకుంటారు. పల్లెల్లో ఆ లక్ష మంది రెండు మండలాల్లో చెదిరి ఉంటారు. మండలం బండి ఒక ప్రమాదం కేసు తీసుకుని 60 కిలోమీటర్ల దూరంలోని జిల్లా ఆసుపత్రికి వెళితే, అప్పగించి తిరిగి వచ్చేసరికి రెండున్నర గంటలు. చిన్న ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి మార్చే కేసులకూ ఇవే బండ్లు పోతుంటాయి. ఆ మధ్యలో వచ్చిన కాల్‌కు పక్క మండలం బండి రావాలి.

“లేటైంది” అన్న ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే. దీన్ని సమర్థింపుగా తీసుకోవద్దు. పాత బండ్లు, ఖాళీగా ఉన్న ఉద్యోగాలు, బాగవ్వని రోడ్లు ప్రభుత్వాలు జవాబు చెప్పాల్సిన విషయాలు. కానీ ఆ రాత్రి నిర్ణయం తీసుకునేది హెడ్‌సెట్ పెట్టుకున్న ఇరవై అయిదేళ్ల అమ్మాయి. ఒక ఊళ్లో కాలు విరిగిన మనిషి, ఇంకో ఊళ్లో ఆయాసంతో పెద్దావిడ. బండి ఒక్కటే. ఆయాసానికి ముందు పంపి, కాలు విరిగిన వాళ్ల ఫోన్ ఎత్తి “ఇంకో నలభై నిమిషాలు పడుతుంది, ఆటో దొరికితే కాలు కదలకుండా కట్టి బయల్దేరండి” అని చెప్పాలి. అవతల నుంచి ఏం వినాల్సి వస్తుందో మీరే ఊహించుకోండి.

ఈ వరసలో పనికిరాని కాల్స్ కూడా ఉంటాయి. పిల్లలు లాక్ స్క్రీన్ మీద నొక్కేవి, జేబులో పడి కలిసేవి, ఊరికే ఆటపట్టించేవి. ప్రతిదీ ఎత్తాల్సిందే, ఎందుకంటే ఎత్తేదాకా ఏది నిజమో తెలియదు. పొరపాటున కలిస్తే చప్పున కట్ చేయకుండా “పొరపాటున వచ్చింది” అని ఒక్క మాట చెప్పండి. లేకపోతే వాళ్లు మళ్లీ మీకు చేసి కనుక్కోవాల్సి వస్తుంది.

పోలీసు, ఫైర్, వైద్యం మూడింటికీ కలిపి 112 ఉంది. వైద్యం ఒక్కటే కావాలంటే నేరుగా 108 చేయడం మేలు, ఒక బదిలీ తప్పుతుంది. రోడ్డు ప్రమాదం చూసి ఫోన్ చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్, సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

సిటీ నుంచి మీరు చేయగలిగింది

అమ్మ చేత 108 చేయించాక మీ చేతిలో ఇంకా పని ఉంది. అంబులెన్స్ సిబ్బంది తిరిగి చేసే ఫోన్ అమ్మది కాబట్టి, మీరు అదే పనిగా ఆమెకు చేసి లైన్ బిజీ చేయకండి. పక్కింటి బాబాయికి చేసి రోడ్డు మీద నిలబడమనండి. ఆశా కార్యకర్తకు చేయండి. సిబ్బంది నంబరు దొరికితే ఇంటి లొకేషన్ వాట్సాప్‌లో పంపండి. దీనికి ఇంటి లొకేషన్ ముందే మీ ఫోన్‌లో ఉండాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు గడపలో నిలబడి మ్యాప్‌లో సేవ్ చేసుకోండి.

అలాగే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఊరు, మండలం, ఇప్పటి జిల్లా, ఇంటి దగ్గరి గుర్తు, నాన్న వాడే మందుల పేర్లు రాసి ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి. కంగారులో అమ్మ అది చూసి చదివితే చాలు.

ఇంకొకటి. ఆసుపత్రిలో చేర్చిన రెండు రోజులకు 108 నుంచి ఒక ఫోన్ వస్తుంది, మనిషి ఎలా ఉన్నారని. తెలియని నంబరని కట్ చేసేవాళ్లే ఎక్కువ. ఆ రాత్రి మీ కాల్ ఎత్తిన ఈఆర్‌ఓకు బండి ఆసుపత్రి చేరాక ఏమైందో మామూలుగా తెలియదు, అప్పటికి ఇంకో కాల్‌లో ఉంటారు. నాన్న ఇంటికొచ్చారనో, ఇంకా ఐసీయూలో ఉన్నారనో మీరు చెప్పే మాటే ఆ కేసు దగ్గర నమోదవుతుంది. ఎత్తి చెప్పండి.