పక్షవాత చికిత్సలో యంత్రహస్తము: చారిత్రక పరిశీలన

మెదడునకు రక్తము నందించు నాళము పూడినను, చిట్లినను పక్షవాతము సంభవించును. ప్రాణాపాయము తప్పిన పిదప రోగిని దీర్ఘకాలము వేధించునది స్వాధీనము తప్పిన చేయి. కండరమునకు గాని ఎముకకు గాని దెబ్బ తగులలేదు. వానిని నడపు మెదడు భాగమే చెడినది. మిగిలిన భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనగలవనియు, అందులకు పదే పదే చేయు అభ్యాసమే సాధనమనియు వైద్యులు గ్రహించిరి. కాని చికిత్సకుడొకడు ఒక్కొక్క రోగి చేతిని దినమునకు వందలసార్లు కదలించుట కష్టసాధ్యము. యంత్రహస్తము నిర్మింపవలెనన్న యత్నమునకు ఈ చిక్కే మూలము.

యంత్రములచే అవయవములను కదలించు తలంపు క్రొత్తది కాదు. స్వీడను దేశపు వైద్యుడు గుస్తావ్ జాండర్ 1865లో స్టాక్‌హోము నగరమున వ్యాయామ యంత్రములతో చికిత్సాలయమును నెలకొల్పెను. వానిలో కొన్ని రోగి బలమునకు ఎదురు నిలుచునవి. కొన్ని తామే అవయవమును కదలించునవి. అయినను రోగి యత్నమును కనిపెట్టి తన బలమును మార్చుకొను నేర్పు వానికి లేదు.

1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారమున యూనిమేట్ అను రోబోటు పనిలో ప్రవేశించెను. ఇనుమును మోయుటకు అట్టి యంత్రము తగును. నిర్ణయించిన త్రోవను విడువక పోవుటయే దాని గుణము. బలహీనమైన చేతిని అట్టి యంత్రమునకు అప్పగించుట అపాయకరము.

ఈ చిక్కును విప్పుటకు తోడ్పడినవాడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు ఆచార్యుడు నెవిల్ హోగన్. యంత్రము యొక్క స్థానమును మాత్రమే కాక, తనపై పడు ఒత్తిడికి అది ఎంత లొంగవలెనో కూడ నిర్ణయింపవలెనని ఆయన 1985లో ప్రతిపాదించెను. దీనికి ఇంపీడెన్స్ నియంత్రణమని పేరు. ఈ సూత్రముపై ఆయనయు, హెర్మానో ఇగో క్రెబ్స్ మొదలగువారును 1989 నుండి ఎం.ఐ.టి. మానుస్ అను యంత్రమును రూపొందించిరి. ‘మనస్సు, హస్తము’ అనునది ఆ విద్యాలయపు ధ్యేయవాక్యము. లాటిను భాషలో మానుస్ అనగా హస్తము. రోగి బల్ల ముందు కూర్చుండి యంత్రపు పిడిని పట్టుకొని, తెరపై కనిపించు గురి వైపు చేతిని చాచును. కదలగలిగినచో యంత్రము అడ్డురాదు. త్రోవ తప్పినచో స్ప్రింగు వలె మెల్లగా లాగును. కదలలేనిచో తోడుపడును. ఉపాధ్యాయుడు బాలుని చేయి పట్టి అక్షరము దిద్దించునప్పుడు పట్టు క్రమముగా సడలించును గదా! చేయి అంతయు తానే నడిపినచో బాలునకు వ్రాత రాదు. ఇందలి కీలకమును అదియే.

కాలి విషయమున జూరిచ్ నగరమున గేరీ కొలంబో మొదలగువారు లోకోమాట్ అను నడక యంత్రమును నిర్మించిరి.

ఈ యంత్రములు గుణమిచ్చినవా? 1997లో ప్రకటితమైన 20 మంది రోగుల పరిశీలనలో, మానుస్‌తో అభ్యసించిన వారికి భుజము, మోచేతుల కదలిక అధికముగా మెరుగుపడెను. పిమ్మట వచ్చిన పెద్ద పరీక్షలు ఆ ఆశను అదుపులో నుంచినవి. 2010లో 127 మందిపై ప్రకటితమైన అమెరికా పరీక్షలో, చికిత్సకులు అంతే తీవ్రముగా చేయించిన అభ్యాసముకన్న యంత్రము మిన్న కాలేదు. 2019లో ప్రకటితమైన బ్రిటను పరీక్షలో 770 మంది పాల్గొనిరి. యంత్రముతో చేతి కదలిక కొంత మెరుగుపడినను, నిత్యకృత్యములలో ఆ చేతి వినియోగము సాధారణ చికిత్స పొందినవారికన్న హెచ్చు కాలేదు. 2009లో ప్రకటితమైన మరియొక పరీక్షలో లోకోమాట్‌తో అభ్యసించిన వారికన్న చికిత్సకుల సహాయముతో నడిచినవారికే నడక వేగము ఎక్కువగా పెరిగెను.

ఇందువలన యంత్రము వ్యర్థమని తలపరాదు. అలసట లేక అభ్యాసము చేయించుటయు, కదలికను ఖచ్చితముగా కొలుచుటయు దాని ప్రయోజనములు. అయితే చేయి కదలుట వేరు, ఆ చేతితో అన్నము కలుపుకొని తినుట వేరు. మొదటిదానిని రెండవదానిగా మార్చు పని నేటికిని చికిత్సకునిపైనను, ఇంటివారిపైనను ఉన్నది. యంత్రము కొన్న మాత్రమున చేయి వచ్చునని ఆశపడి ధనము వెచ్చించు కుటుంబములకు ఈ చరిత్ర తెలియుట అవసరము.