గనులు నేర్పిన జాగ్రత్త

పాడుపడిన బావిలోనికి దిగవలసి వచ్చినప్పుడు మన పెద్దలు ముందుగా వెలుగుచున్న దీపమును త్రాటికి కట్టి దింపెడివారు. దీపము ఆరినచో మనిషి దిగరాదు. గాలిని పరీక్షింపనిదే అడుగిడరాదను ఈ యెఱుక బొగ్గుగనులలో ఎన్ని ప్రాణములను బలిగొని శాస్త్రమైనదో ఇప్పుడు చూతము.

ఇంగ్లండు ఉత్తరభాగమునందలి ఫెల్లింగు గనిలో 1812 మే 25వ తేదీన మీథేను వాయువు అంటుకొని ప్రేలుటచే 92 మంది మరణించిరి. వారిలో బాలురును కలరు. ఆ కాలమున వెలుతురు కొరకు కార్మికుడు చేతబట్టిన దీపమే అతనికి మృత్యువగుచుండెను. 1815లో సర్ హంఫ్రీ డేవీ దీపశిఖ చుట్టును సన్నని తీగెవల నమర్చెను. వల వేడిని పీల్చివేయుటచే లోపలి మంట వెలుపలి వాయువున కంటుకొనదు. అంతియేగాక, మీథేను ఉన్నచోట జ్వాలపై నీలివన్నె కానవచ్చును. ప్రాణవాయువు తగ్గినచోట జ్వాల ఆరిపోవును. కాని దీపమున్నదను ధీమాతో, అపాయకరములని విడిచిపెట్టిన గనులలోనికి సైతము మనుష్యులను పంపిరి. ప్రమాదములు ఆగలేదు.

దీపమునకు పట్టుబడని విషము మరియొకటి కలదు. 1896లో వేల్సునందలి టైలర్స్‌టౌను గనిలో ప్రేలుడు సంభవించి 57 మంది మరణించిరి. జాన్ స్కాట్ హాల్డేన్ మృతదేహములను పరీక్షించి, వారిలో అత్యధికులను చంపినది ప్రేలుడు గాదనియు, పిమ్మట వ్యాపించిన కార్బన్ మోనాక్సైడు అనియు తేల్చెను. దానికి రంగు లేదు, వాసన లేదు. చిన్నప్రాణులు వేగముగా ఊపిరి పీల్చును గనుక మనిషికంటె ముందుగా సొమ్మసిల్లును. కావున రక్షకులు ఎలుకనో, చిన్నపిట్టనో వెంట గొనిపోవలెనని ఆయన సూచించెను. పంజరములోని కేనరీ పిట్ట ఒరిగినచో దళము వెనుదిరుగవలెను. బ్రిటిషు గనులలో ఈ పిట్టలకు బదులు ఎలక్ట్రానిక్ పరికరములను ప్రవేశపెట్టుటకు 1986లో నిర్ణయించిరి.

వెనుదిరుగుట పిరికితనము గాదు. తోటివాడు పడిపోగా చూచి పరుగెత్తుట మానవస్వభావమే. కాని శ్వాసపరికరము లేక దిగినవాడు రెండవ శవమగును. మురుగుగుంటలలో నేటికిని ఇట్లే జరుగుచున్నది. బావిలో దింపిన దీపము సైతము ప్రాణవాయువు కొరతనే తెలుపును, విషమును తెలుపదు. మండు వాయువున్నచో తానే నిప్పంటించును.

1889 నుండి సింగరేణి బొగ్గు త్రవ్వుచున్న మనకు ఈ పాఠము పరాయిది గాదు. అయినను 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున ఒక కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. నిద్రించుచున్న ఊరిని లేపుటకు సైరను మ్రోగలేదని విచారణసంఘము తేల్చెను. గనిలోని పిట్ట ఇచ్చునంతటి హెచ్చరికయు వారికి అందలేదు.

పనిచోట వాయువు వెలువడినప్పుడు చేయవలసినవి కొలదియే: వెంటనే హెచ్చరిక మ్రోగించుట; నిప్పును, విద్యుత్తు మీటలను ముట్టకుండుట; వాయువు వ్యాపించు త్రోవనుండి ప్రక్కకు తప్పుకొని, గాలి వచ్చు దిక్కునకు చేరుట; లోపలి పనిని శిక్షణయు, పరికరములును గలవారికి విడుచుట. మన ఇండ్లనుండి కర్మాగారములకు పోవు బిడ్డలకు ఈ నాలుగు మాటలును ముందుగనే చెప్పియుంచుదము.