పాత స్పోర్ట్‌ఫిషింగ్ పడవలు: కట్టుబడి, ఖ్యాతి

మార్లిన్, ట్యూనా వంటి పెద్ద చేపలను గాలంతో వినోదానికి వేటాడేందుకు నడిసముద్రానికి వెళ్ళే మోటారు పడవలను స్పోర్ట్‌ఫిషింగ్ యాట్‌లు అంటారు. చేపను లోపలికి లాగడానికి వీలుగా వెనుక భాగం నీటికి దగ్గరగా ఉంటుంది. పడవ నడిపేవాడు పైన ఎత్తుగా కూర్చుంటాడు. అమెరికా తూర్పు తీరంలో 1960, 70 దశకాల్లో తయారైన ఇలాంటి పడవలు చాలా గట్టివని పేరు. ఆ పేరు సగమే నిజం. వాటిని నిలబెట్టింది పడవ అడుగుభాగం ఆకృతి, ఆ అడుగును పోసిన తీరు. పడవలో మిగతా భాగాలకు ఆ కీర్తిలో వాటా తక్కువ.

మయామీకి చెందిన రిచర్డ్ బెర్ట్రమ్ పడవే ఇందుకు మంచి రుజువు. రే హంట్ గీసిన రూపంతో ఆయన ‘మోపీ’ అనే చెక్క పడవ కట్టించి, 1960లో మయామీ–నాసౌ పందెంలో పోటెత్తిన సముద్రం మీద సుమారు 8 గంటల్లో గమ్యం చేరి గెలిచాడు. అప్పటి వేగపు పడవల అడుగు వెనక్కి వెళ్ళేకొద్దీ చదునయ్యేది, అలల మీద దబదబా కొట్టుకునేది. హంట్ మాత్రం వి ఆకారపు లోతును చివరిదాకా వదల్లేదు, దాదాపు 24 డిగ్రీల వాలు ఉంచాడు. ఆ రూపాన్నే ఫైబర్‌గ్లాస్‌లో పోసిన బెర్ట్రమ్ 31 మరుసటి ఏడాది మార్కెట్‌కు వచ్చి, 1980ల దాకా 1,800కు పైగా అమ్ముడైంది. అదే 1960లో ఉత్తర కరోలినాలోని హై పాయింట్ అనే ఫర్నిచర్ ఊళ్ళో విల్లిస్ స్లేన్ బృందం 41 అడుగుల హాటరస్‌ను పూర్తిగా ఫైబర్‌గ్లాస్‌తో తయారుచేసింది. అంత పెద్ద పడవ ఆ పదార్థంతో నిలుస్తుందా అని చాలామంది సందేహించారు.

ఆ కాలపు పడవల అడుగు మందంగా ఉండటానికి ఆ సందేహమే కారణం అంటారు: బలం ఎంతో తెలియక కట్టేవాళ్ళు పొర మీద పొర వేశారని. ఇందులో నిజం ఉంది కానీ, మందమే బలం కాదు. ఫైబర్‌గ్లాస్‌లో గాజునారను అంటించి ఉంచే రెజిన్‌ను చేత్తో పూసిన పొరల్లో గాజునార కంటే రెజిన్ ఎక్కువ చేరుతుంది. దానివల్ల బరువు పెరుగుతుంది తప్ప బలం అదే పాళ్ళలో పెరగదు. అసలు మేలు వేరే ఉంది. నీటి దిగువ భాగాన్ని మధ్యలో చెక్క పెట్టకుండా గట్టి పొరలతోనే పోశారు. నీరు చేరి కుళ్ళే పదార్థం అక్కడ లేదు.

డెక్కు సంగతి వేరు. పలుచని రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి బిగించేవారు. ఏ రెయిలింగ్ స్క్రూ చుట్టూ సీలు వదిలినా నీరు మెల్లగా లోపలికి దిగుతుంది. సుత్తి పిడితో తట్టి చూస్తే మంచిచోట ఠంగుమంటుంది, కుళ్ళినచోట మొద్దుగా మోగుతుంది. పడవ వెనుక నిలబడి చేపలు పట్టే చోటు (కాక్‌పిట్) కింద అల్యూమినియం ఇంధన ట్యాంకు చుట్టూ నింపిన ఫోమ్ తడిని పట్టి ఉంచితే, ట్యాంకు బయటివైపు నుంచి చిల్లులు పడుతుంది. దాన్ని తీయాలంటే నేల కోయాలి. నీట ఏళ్ళ తరబడి నానిన అడుగుకు బొబ్బలు రావడమూ మామూలే. వాటిని పొడిస్తే పుల్లటి వాసనగల ద్రవం కారుతుంది. అవి చూడటానికి భయం పుట్టించినా, చాలాసార్లు పైపొరల సమస్యే.

చెడ్డవి ఎప్పుడో తుక్కయ్యాయి, మిగిలినవి చూసి ఆ కాలమంతా గొప్పదనుకుంటున్నారని ఒక అభ్యంతరం ఉంది. అది సబబే. పైగా బెర్ట్రమ్ 31 నీటిజల్లును తన మీదే పోసుకుంటుంది, గాలాలు లాగుతూ నెమ్మదిగా పోయేటప్పుడు బాగా ఊగుతుంది. వాటిని మెచ్చుకునేవారూ ఇది ఒప్పుకుంటారు. అయినా ఇన్నేళ్ళ పడవకు పాత పెట్రోలు ఇంజిన్లు తీసి కొత్త డీజిల్ ఇంజిన్లు పెట్టడానికి యజమానులు ముందుకు వస్తున్నారంటే, అడుగు మీద వారికి ఉన్న నమ్మకం అది. 2016లో బెర్ట్రమ్ పేరుతో వచ్చిన 35 అడుగుల కొత్త పడవ కూడా పాత 31 పోలికనే తెచ్చుకుంది.

కాబట్టి పాత పడవ కొనేవారు కంపెనీ పేరుకు ధర కట్టకూడదు. పడవలను పరీక్షించే సర్వేయరు చేత డెక్కు తేమ, ట్యాంకు స్థితి చూపించుకొని, వాటిని మార్చే ఖర్చు కలుపుకున్నాకే బేరం ఆడాలి.