పాస్కల్ త్రిభుజమా? మేరు ప్రస్తారమా?

"పాస్కల్ త్రిభుజం ఫ్రెంచివాళ్ళది కాదు, మన పింగళుడిది" అంటూ ఓ ఫార్వర్డు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అందులో సగం నిజం. మిగతా సగం కూడా కలిపి చెప్పుకుంటే ఇంకా బావుంటుందని నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. బళ్ళో ఛందస్సు చదువుకున్నవాళ్ళకి య-మ-త-ర-జ-భ-న-స గణాలు గుర్తుండే ఉంటాయి. మూడేసి అక్షరాలు, ఒక్కొక్కటీ గురువో లఘువో, మొత్తం ఎనిమిది గణాలు. వాటిని గురువుల లెక్కన విడదీయండి. గురువే లేనిది ఒకటి (న), ఒక గురువున్నవి మూడు (భ, జ, స), రెండున్నవి మూడు (య, ర, త), మూడూ గురువులే అయినది ఒకటి (మ). అంటే 1, 3, 3, 1. త్రిభుజంలో నాలుగో వరస ఇదే!

మరి నాలుగక్షరాల్లో రెండు గురువులు ఎన్ని రకాలుగా వస్తాయి? చివరిది గురువైతే ముందు మూడింట్లో ఒకటే ఉండాలి: 3 రకాలు. లఘువైతే ముందు మూడింట్లో రెండుండాలి: ఇంకో 3. మొత్తం 6. మా ప్రోగ్రామర్ల భాషలో అచ్చమైన రికర్షన్.

ఇక చరిత్ర. పింగళుడిది క్రీ.పూ. 3-2 శతాబ్దాల కాలమని అంచనా. ఆయన సూత్రాలు మరీ క్లుప్తం. పైన ఒక గడి, దాని కింద రెండు, ఆ కింద మూడు గీసి, అంచుల్లో 1 వేసి, లోపలి గడిలో పై రెంటి మొత్తం రాయమని విప్పి చెప్పినవాడు 10వ శతాబ్దపు వ్యాఖ్యాత హలాయుధుడు. ఈలోగా 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, వరసలు పేర్చకుండానే ఆ సంఖ్యని నేరుగా రాబట్టే సూత్రం ఇచ్చాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసింది ఈయన గణితసారసంగ్రహాన్నే. పింగళుడొక్కణ్ణే పొగిడే ఫార్వర్డు వీళ్ళిద్దరికీ అన్యాయం చేస్తోంది కదా!

బయటివాళ్ళూ తక్కువేం కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో బాగ్దాదులో అల్ కరాజీకి బీజగణితం కోసం ఇదే పట్టిక కావాల్సొచ్చింది. చైనాలో 11వ శతాబ్దపు జియా షియన్ మూలాలు కట్టడానికి వాడితే, ఆ సంగతి 1261లో యాంగ్ హుయ్ రాసిపెట్టాడు. ఇటలీలో టార్టాలియా 1556లో అచ్చువేశాడు.

మరి పాస్కల్ చేసిందేమిటి? 1654లో రాసి, ఆయన పోయాక 1665లో అచ్చయిన పుస్తకంలో, ఆ సంఖ్యల ధర్మాలని వరస తర్వాత వరసగా నిరూపించాడు. మధ్యలో ఆగిపోయిన జూదంలో పందెం సొమ్ము ఎలా పంచాలో దాంతోనే తేల్చాడు. సంభావ్యతా శాస్త్రానికి అదొక పునాది. కాపీ కొట్టాడనడానికి ఆధారమేమీ లేదు.

పద్యం, బీజగణితం, మూలాలు, జూదం... అవసరాలు వేరు, పట్టిక ఒకటే. ఇరాన్లో ఖయ్యాం త్రిభుజమంటారు, చైనాలో యాంగ్ హుయ్ త్రిభుజమంటారు. మనం మేరు ప్రస్తారమని నిక్షేపంగా అనొచ్చు. కాకపోతే అలా అనేముందు, ఆ 1, 3, 3, 1 ఎలా వచ్చిందో ఓసారి కాగితమ్మీద వేసి చూసుకుందాం. హలాయుధుడు చెప్పింది కూడా అదే కదా!