విశాఖపై బాంబులు వేసిన ఓడ యేమైనది?



1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసిన సంగతి మీలో పలువురు వినియేయుందురు. అప్పటికి రంగూను పడిపోయినది. అండమాను దీవులు శత్రువుల వశమైనవి. బర్మాలో కూలికి పోయిన మన ఆంధ్రులు వేలకొలది అడవుల వెంట కాలినడకన ఇండ్లకు మరలుచుండిరి. విశాఖపై పడిన బాంబులు కొన్నియే. భయము మాత్రము మదరాసు వరకు ప్రాకినది. సర్కారు కచేరీలు కొన్ని లోపలి ప్రాంతములకు తరలినవి.

ఆ విమానములను మోసి తెచ్చిన ఓడ పేరు ర్యూజో. దాని కథ మన తీరమున ముగియలేదు.

ఆస్ట్రేలియాకు ఈశాన్యమున సోలొమన్ దీవులలో గ్వాడల్‌కనాల్ అను దీవి కలదు. దట్టమైన అడవి, ఎడతెగని వాన, మలేరియా జ్వరము. దానిపై ఎవరికిని మోజు లేదు. కాని జపానువారు అచ్చట విమానముల మైదానమొకటి చదును చేయుచుండిరి. అది పూర్తియైనచో అమెరికానుండి ఆస్ట్రేలియాకు పోవు ఓడల దారికి ముప్పు. తొలకరి పడగానే జొన్నగిరి చేలలో వజ్రము దొరికెనని వినినచో జనమంతయు ఆ చేనికే పరుగిడుదురు గదా! అట్లే రెండు రాజ్యముల సేనలు ఆ మైదానము కొరకు పరుగిడినవి. ఆగస్టు 7వ తేదీన అమెరికా సైనికులు దిగి, మరునాటికే దానిని పట్టుకొనిరి. రెండు రాత్రులు గడచునంతలో సావో దీవి యొద్ద జపాను నౌకలు మిత్రపక్షపు పెద్ద యుద్ధనౌకలను నాలుగింటిని ముంచినవి. అయినను మైదానము చేజారలేదు. ఆగస్టు 24వ తేదీన దానిపై దాడికి విమానములను పంపిన ర్యూజోను అమెరికా విమానములు కనుగొని ముంచివేసినవి. మన విశాఖను అదరగొట్టిన ఓడ అట్లు సముద్రగర్భమున కలిసినది.

ఇంతకన్న ఘోరమైనది దీవిలోని ఆకలి. మైదానము శత్రువుచేత నుండుటచే పగటివేళ జపాను ఓడలు దరికి రాజాలవు. రాత్రివేళ వచ్చి, ఆహారము నింపిన పీపాలను త్రాళ్లతో కూర్చి నీట విడిచి పోయెడివి. డిసెంబరు 3వ తేదీ రాత్రి విడిచిన 1,500 పీపాలలో 310 మాత్రమే సైనికుల చేతికి చిక్కినవి. 1876నాటి ధాత కరువు కథలు వినిన మన సీమవారికి ఇట్టి సేన స్థితి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దీవికి వచ్చిన జపానువారు సుమారు 36 వేలు. వారిలో 20 వేలకు పైగా మరణించిరి. అందు తుపాకికి చచ్చినవారితోపాటు ఆకలికిని, జ్వరమునకును చచ్చినవారు వేలకొలది కలరు.

1943 ఫిబ్రవరి మొదటివారమున మిగిలిన పదివేల పైచిలుకు మందిని రాత్రివేళలలో ఓడల కెక్కించి జపాను దీవిని విడిచినది. జూనులో మిడ్వే యొద్ద జరిగిన సముద్రయుద్ధమే మలుపని పలువురందురు. అచ్చట జపాను ఓడలను పోగొట్టుకొనెను. ఇచ్చట పట్టిన నేలను వదలి వెనుకకు నడచెను. కావున నా మట్టుకు మలుపు ఇదియే. జపాను విమానవాహక నౌకలు మరల బంగాళాఖాతమునకు రాలేదు. అండమానులు మాత్రము 1945 వరకు వారి చేతనే యుండినవి.