రావుగారి లెక్క

శివరాత్రికి కీసరగుట్ట ఎక్కి దిగి, నాగారం మీదుగా ఈసీఐఎల్ చౌరస్తాకు చేరామో లేదో ఆటోవాళ్ల కేకలు మొదలవుతాయి. “ఏఎస్ రావు నగర్... రాధిక, రాధిక!” ఆ రావు ఎవరని అడిగితే పక్క సీట్లోని కుర్రాడు “ఎవరో లీడరై ఉంటడు సార్” అన్నాడు.

లీడరు కాదు. అయ్యగారి సాంబశివరావు, భీమవరం దగ్గరి మొగల్లు మనిషి. 1914లో పుట్టి, కాశీలో ఫిజిక్సు చదివి, అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లొచ్చాడు. బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరాడు. 1967లో మన హైదరాబాదుకు ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ వచ్చింది ఆయన చేతుల మీదుగానే. పక్కనే ఎన్‌ఎఫ్‌సీ కూడా వెలిసి, అణు రియాక్టర్లకు ఇంధనం చేయడం మొదలుపెట్టింది. ఉప్పల్ నుంచి, నాచారం నుంచి షిఫ్టులకు వెళ్లేవాళ్లతో ఇటువైపు ఊరి రూపమే మారిపోయింది. కానీ ఈ కథ ఇక్కడిది కాదు. అంతకు పదకొండేళ్ల ముందు, ట్రాంబేలో, ఒక నీళ్ల తొట్టి దగ్గర జరిగింది.

1956 ఆగస్టు 4, శనివారం. తొట్టెడు నీళ్లలో యురేనియం, అల్యూమినియం కలిపి చేసిన ఇంధన పలకలు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది, రియాక్టరు మనవాళ్లు కట్టారు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. యురేనియాన్ని పగలగొట్టే న్యూట్రాన్‌కు రంగు లేదు, విద్యుదావేశం లేదు, మామూలు మీటరుకు చిక్కదు. దాన్ని పట్టే పరికరాలు, రియాక్టరును అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ రావు బృందం తయారు చేసినవే. ట్రాన్సిస్టర్లు ఇంకా చేతికి రాని కాలం, వాల్వులు ఎర్రగా వెలుగుతూ వేడి కక్కే కాలం.

దొంగను పట్టడానికి ఇంకో దొంగను పెట్టినట్టు, న్యూట్రాన్‌ను పట్టడానికి బోరాన్‌ను పెడతారు. గొట్టంలో బోరాన్ ఉన్న వాయువు. న్యూట్రాన్ వచ్చి బోరాన్‌లో పడితే అది రెండు ముక్కలవుతుంది. ముక్కలకు ఆవేశం ఉంటుంది కాబట్టి చిన్న విద్యుత్ చప్పుడు పుడుతుంది. దాన్ని పెంచి, లెక్కపెట్టాలి. ఒక్కటి, రెండు, మూడు. రియాక్టరు నిద్రలో ఉన్నప్పుడు సెకనుకు కొన్ని చప్పుళ్లు. లేచాక లక్షల కోట్లు. ఈ రెండు కొసల మధ్య ఏ ఒక్క మీటరూ సరిపోదు. తక్కువలో ఉన్నప్పుడు ఒక పరికరం, పైకి పోయాక మరొకటి అందుకోవాలి. ఆ చేతులు మారే చోట గుడ్డితనం ఉండకూడదు.

ఇంతకీ లెక్కపెట్టేది దేన్ని? ఫ్లక్స్‌ను. ఈ మాటను ‘ప్రవాహం’ అని తెలుగు చేస్తే మోసపోతాం. ప్రవాహం ఒకవైపే పోతుంది, న్యూట్రాన్లు అన్నివైపులకూ పోతాయి. కీసర జాతరే మెరుగైన పోలిక. ఒక గజం చోటులో ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఎంత వేగంగా కదులుతున్నారు? రెండూ గుణిస్తే వాళ్లంతా కలిసి సెకనులో నడిచిన దూరం వస్తుంది. ఆ నడక ఎంత ఎక్కువైతే భుజాలు రాసుకోవడం అంత ఎక్కువ. న్యూట్రాన్ల సంఖ్యను వాటి వేగంతో గుణించడమే ఫ్లక్స్.

కాగితం మీద మనమూ చేసి చూద్దాం. ఒక వాట్ పుట్టాలంటే సెకనుకు సుమారు 3,100 కోట్ల యురేనియం కేంద్రకాలు పగలాలి. పది లక్షల వాట్లకు 310 కోట్ల కోట్లు. ఇంధనంలో 4 కిలోల యురేనియం-235 ఉందనుకుందాం. ఒక్కో కేంద్రకం న్యూట్రాన్‌కు ఎంత పెద్ద గురిగా కనిపిస్తుందో ఫిజిక్సువాళ్లు కొలిచి పెట్టారు. ఆ కొలతకు ‘బార్న్’ అని, అంటే పశువుల కొట్టం అని పేరు పెట్టుకున్న చమత్కారులు వాళ్లు! నాలుగు కిలోల్లోని గురులన్నీ పక్కపక్కన పరిస్తే దాదాపు 6,000 చదరపు సెంటీమీటర్లు, గుమ్మం ముందు వేసే చిన్న చాపంత. పగిలే సంఖ్యను ఈ చాపతో భాగిస్తే ఫ్లక్స్ వచ్చేస్తుంది. చదరపు సెంటీమీటరుకు, సెకనుకు ఐదు లక్షల కోట్లు. నెమ్మదించిన న్యూట్రాన్ సెకనుకు 2,200 మీటర్లు పోతుంది. అంటే ఒక్క ఘన సెంటీమీటరులో ఉన్నవి రెండు కోట్ల పైచిలుకే. కానీ అవి సెకనులో నడిచిన నడకంతా కలిపితే 5 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడి దాకా ఉన్న దూరంలో మూడో వంతు!

మళ్లీ తొట్టి దగ్గరికి వద్దాం. మాటలు కల్పించి చెప్పాల్సిన పనిలేదు, ఇలాంటి పని పద్ధతిలోనే కావలసినంత నాటకం ఉంది. ముందు న్యూట్రాన్లు చిమ్మే చిన్న మూలాన్ని లోపల ఉంచుతారు. ఇంధనం కొంచెం చేర్చడం, ఆగడం, లెక్కపెట్టడం. ఒక తరం న్యూట్రాన్లు తమలో సగం మందినే వారసులుగా మిగిల్చితే లెక్క రెట్టింపవుతుంది. నూటికి తొంభై మందిని మిగిల్చితే పదింతలు, తొంభైతొమ్మిది మందిని మిగిల్చితే నూరింతలు. ఎదిగే అంకెను చూస్తూ కూర్చుంటే ఎక్కడ ఆగాలో తెలియదు. అందుకే తలకిందులు చేస్తారు. ఒకటిని ఆ లెక్కతో భాగించి గ్రాఫు కాగితం మీద చుక్క పెడతారు. సగం, పదో వంతు, నూరో వంతు... చుక్కలు నేలకు దిగుతుంటాయి. స్కేలు పెట్టి పెన్సిలు గీత పొడిగిస్తే, అది నేలను తాకే చోటే రియాక్టరు తన కాళ్ల మీద తాను నిలబడే చోటు. ఇంకా చేరకముందే కాగితం చెప్పేస్తుంది. చివరి అడుగులు నియంత్రణ కడ్డీలతో, అంగుళం అంగుళంగా వేస్తారు.

మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలు. కేంద్రకాలు పగిలే గొలుసు నిలబడింది. ఆసియాలో, సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే, మొదటి రియాక్టరు అది. అది నిజంగా నిలబడిందా అన్నదానికి పరీక్ష సులువు. చేయూతగా పెట్టిన న్యూట్రాన్ మూలాన్ని బయటికి తీసేయాలి. లెక్క పడిపోతే ఇంకా పసిబిడ్డే. పడకుండా నిలిచిందంటే ఇక లోపలివాళ్లే లోపలివాళ్లను కంటున్నారన్నమాట.

ఆ సాయంత్రానికి దానికింకా పేరు లేదు. మరుసటి ఏడు జనవరి 20న నెహ్రూ వచ్చి ‘అప్సర’ అన్నాడు.